అడవినాభి కొస చూసి నాటండి

ప్రశ్న: అడవినాభి (అగ్నిశిఖ పూలతీగ) దుంపలు రెండు తెచ్చి కుండీలో పెట్టాను. నెలన్నర తర్వాత ఒక్కటే మొలిచింది. ఇది విషమని మా అత్తగారు కంగారు పడుతున్నారు. ఇంట్లో ఉంచవచ్చా?
– పాఠకురాలు, వనపర్తి

జవాబు: రెండోదాన్ని మెల్లగా తవ్వి కొసలు చూడండి. ఈ దుంప నాగలిలా రెండు కొమ్ములుగా ఉంటుంది. సంస్కృతంలో 'లాంగలి' అన్నది అందుకే. కన్ను కొమ్ము కొసనే ఉంటుంది, బంగాళాదుంపలా ఒళ్లంతా కాదు. ఆ కొస విరిగితే దుంప ఎంత లావున్నా మొలవదు. మెత్తబడి కంపు కొడుతుంటే నీరు నిలిచి కుళ్లిందన్నమాట. కొస గట్టిగా ఉంటే మళ్లీ కప్పేయండి, ఇంకా నిద్రలోనే ఉంది.

ఈసారి 12 అంగుళాల కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలపండి. దుంపను పడుకోబెట్టి పైన 5 సెంటీమీటర్ల మట్టి వేయండి. ఊతపుల్లలు ముందే గుచ్చాలి. తర్వాత గుచ్చితే దుంపలోకి దిగుతాయి. ఆకు కొసే మెలిక తిరిగి పట్టుకుంటుంది కాబట్టి సన్నపుల్లలు చాలు, లావు కర్రను అది చుట్టలేదు. పూత అయ్యాక ఆకులు పసుపెక్కితే తెగులు కాదు. నీళ్లు ఆపి, దుంపను అలాగే వదిలేయండి.

మీ అత్తగారి కంగారు న్యాయమైనదే. పేరులోని 'నాభి' బొడ్డు కాదు, విషం. మొక్కంతా కొల్చిసిన్ అనే విషపదార్థం ఉంటుంది, దుంపలోనూ గింజలోనూ మరీ ఎక్కువ. కాన్పు సులువవుతుందని దుంప నూరి పట్టు వేసే పాత వాడుక ఉంది. ఆ పని చేయకండి. చేతులకు తొడుగులు వేసుకోండి. దుంపల్ని వంటింట్లో పెట్టొద్దు, చిలగడదుంప అనుకుంటారు. పిల్లలుంటే కాయలు పచ్చిగా ఉండగానే తుంచేయాలి. పగిలితే లోపలి ఎర్రగింజలు పిల్లల దృష్టిలో పడతాయి. పొరపాటున తింటే వాంతులు, విరేచనాలు కొన్ని గంటల తర్వాతగానీ మొదలుకావు. అప్పటిదాకా ఆగకుండా మొక్క ముక్కతో సహా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: అడవినాభిని పొలంగట్టున నాటాం. పూలు విరగబూస్తున్నాయి, కాయ నిలవదేం?
– రైతు, మదనపల్లె

జవాబు: కీలం (పువ్వులో పుప్పొడిని అందుకునే కాడ) పక్కకు లంబంగా వంగి ఉంటుంది, సొంత పుప్పొడి దాని కొసకు సరిగా అందదు. తమిళనాడులో గింజల కోసం సాగుచేసే రైతులు చేత్తో పరాగసంపర్కం చేస్తారు. ఉదయం 8 నుంచి 11 లోపు, అప్పుడే విచ్చిన పూల మీద, వేరే మొక్క పుప్పొడిని మెత్తటి కుంచెతో కీలం కొసకు అంటించండి. ఎర్రబడ్డ ముదురు పూల మీద చేస్తే శ్రమ దండగ.