అయస్కాంతంతో కదిలే ద్రవం మీద ఇష్టం: ఏ బ్రాంచి తీసుకోవాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. అయస్కాంతం జరిపితే కదిలే నల్లటి ద్రవంతో చిన్న చిప్‌లో నీళ్లు నడిపించే వీడియో చూసింది. అదే చదువుతానంటోంది. బంధువులేమో సీఎస్ఈలో చేర్చమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమస్కారమండీ. ఆ ద్రవం పేరు ఫెర్రోఫ్లూయిడ్, అంటే అయస్కాంతం లాగే అతి సన్నని రేణువులు కలిపిన ద్రవం. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ అనే ఇంజినీరు, భారం తెలియని అంతరిక్షంలో రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో లాగేందుకు దీన్ని తయారుచేశారు. శ్రీహరికోట రాకెట్లు చూస్తూ పెరిగిన పిల్లకు ఈ సంగతి తప్పక చెప్పండి.

చిప్‌లోని వెంట్రుకంత సన్నని కాలువలో ఈ ద్రవం చుక్క ఒకటి బిరడాలా కూర్చుంటుంది. బయట అయస్కాంతం జరిపితే చుక్క జరుగుతుంది, ముందున్న నీటిని తోస్తుంది. లోపల మోటారు అక్కర్లేదు. నీళ్లతో కలిసిపోకుండా నూనెతో చేసిన రకం వాడతారు.

ఇది మీకు దూరపు విషయం కాదు. గుంటలో సీడ్ (రొయ్య పిల్లలు) వేసేముందు వైట్ స్పాట్ వైరస్ ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేయిస్తారు కదా. అలాంటి పరీక్షను అరచేతిలో పట్టే చిప్‌లోకి తేవాలని ఎందరో శ్రమిస్తున్నారు. మీ అమ్మాయిని ఒకసారి ఆ పీసీఆర్ ల్యాబ్‌కు తీసుకెళ్లి పని చూపించండి.

ఫెర్రోఫ్లూయిడ్ పేరుతో బీటెక్ బ్రాంచి దొరకడం కష్టం. నేనైతే కెమికల్ చెబుతాను, తర్వాత మెకానికల్. ద్రవాల ప్రవాహం రెండింట్లోనూ గట్టిగా చెబుతారు. తిరుపతి ఐఐటీలో రెండూ ఉన్నాయి. ఫిజిక్స్ అంటేనే ప్రాణమైతే బీఎస్సీ చేసి, ఐఐటీ జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. సీఎస్ఈ మంచి చదువే, కానీ ఈ పనికి అది చుట్టుదారి. కోడింగ్ మాత్రం ఏ బ్రాంచిలో ఉన్నా నేర్చుకోవాలి, ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టాలి కాబట్టి.

దాచకుండా చెబుతాను. ఇది పరిశోధన దారి. బీటెక్, ఆపై పీహెచ్‌డీ కలిపి తొమ్మిది పదేళ్లు పట్టవచ్చు. ఫెలోషిప్ ఉంటుంది, 2023 నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. కానీ బీటెక్ కాగానే జీతంతో ఇంటి అప్పు తీరాలనుకుంటే, ఆ మాట ఇప్పుడే అమ్మాయితో కూర్చుని మాట్లాడండి.

ఇష్టం ఎంత లోతో చూడటానికి ఒక పని చేయించండి. ఇనుప రజను నూనెలో కలిపి పక్కన పెట్టమనండి. కాసేపటికి అడుగున చేరుతుంది. ఫెర్రోఫ్లూయిడ్‌లో రేణువులు ఎందుకు చేరవో తనే వెతకాలి. రేణువు సుమారు 10 నానోమీటర్లే ఉండటం, దాని చుట్టూ సబ్బులాంటి పూత, వేడి వల్ల అణువుల కదలిక, ఇవన్నీ తగులుతాయి. ఆ వెతుకులాటలో అన్నం వేళ మరిచిపోతే కౌన్సెలింగ్‌లో కెమికల్‌ను పై ఆప్షన్‌గా పెట్టండి. రెండు రోజుల్లో వదిలేస్తే సీఎస్ఈలో నిశ్చింతగా చేర్చండి.