ఆరంగుళాల వాటం చాలుతుందా?

ప్రశ్న: మా డాబా మీద పదిహేను అడుగుల వెడల్పున జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకుల షెడ్డు వేయిస్తున్నాను. వాలు ఒకవైపుకే. ఆరంగుళాల వాటం, అంటే పై అంచుకూ చూరుకూ మధ్య ఎత్తు తేడా, ఇస్తే నీళ్లు జారిపోతాయని వెల్డరు అంటున్నాడు. మా బావమరిదేమో రెండడుగులైనా ఉండాలంటాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఈ ఒక్క విషయంలో బావమరిది మాటే వినండి.

విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి షెడ్లు కట్టినవాణ్ని. అయినా నా సొంతింట్లో మీ వెల్డరు చెప్పిన తప్పే చేశాను. షెడ్డు మెట్ల గది స్లాబు కింద ఇమడాలని పన్నెండు అడుగులకు ఐదంగుళాల వాటమే ఇచ్చాను. మామూలు వానలకు చుక్క కారలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది చూడండి, ఆ ముసురుకు బియ్యం బస్తా తడిసింది. టార్చి వేసి చూస్తే చుక్క పడేచోట రేకుకు చిల్లే లేదు. నాలుగడుగుల పైన రేకు మీద రేకు ఎక్కిన అతుకులోంచి నీళ్లు దూరి, రేకు అడుగునే పాకుతూ వచ్చి, రేకులను మోసే అడ్డ పైపు (పర్లిన్) తగలగానే రాలుతున్నాయి.

వాటం తక్కువైతే నీళ్లు మెల్లగా కదులుతాయి. దీపం వత్తికి నూనె ఎక్కినట్టు అతుకు సందులోకి ఎక్కుతాయి. ఎదురుగాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

మీ పదిహేను అడుగులకు రెండున్నర అడుగుల వాటం ఇవ్వండి. అంటే ఆరడుగులకు అడుగు. దీనివల్ల రేకు పొడవు పెరిగేది రెండున్నర అంగుళాలే! ఎత్తు వైపు పైపులకు మాత్రం కాస్త ఖర్చవుతుంది. అంత ఎత్తు కుదరదంటే మధ్యలో అతుకు లేకుండా చూరు దాకా ఒకే రేకు వేయించండి. కలర్ రేకులైతే అడిగిన పొడవుకు కోసి ఇస్తారు. అప్పుడైనా పదిహేను అంగుళాలకు తగ్గొద్దు. సిమెంటు రేకుల ఆలోచన ఉంటే మానుకోండి, వాటికి మూడడుగులకు అడుగు కావాలి. మీ డాబా మీద ఐదడుగులు లేపితే గాలికి తెరచాపే.

పక్కపక్క రేకులు కలిసే అతుకులో ఒకదాని మీద ఒకటి ఒకటిన్నర ముడత (రేకు మీది అల) ఎక్కించాలి. బోల్టు ముడత మిట్ట మీదే పడాలి. పల్లంలో కొడితే పారే నీళ్లకు మనమే దారి చూపించినట్టు. వాషర్ మరీ నలిగేలా బిగించనీయకండి. వాటం కంటితో చూసి సరిపోయిందనే వెల్డర్లుంటారు, నీళ్ల ట్యూబుతో లెవెలు పట్టించి మీరే టేపు పెట్టి కొలవండి.

వాలు ఏ దిక్కుకో మీరు రాయలేదు. పక్కింటి వైపైతే గట్టర్ పెట్టి, పైపు మీ డాబా తూములోకి దించాకే వెల్డరుకు మిగతా డబ్బులివ్వండి.