వింటేజ్ అని బుక్ చేస్తే ప్లాస్టిక్ టైప్‌రైటర్!

ప్రశ్న: ఏ సిటీకెళ్లినా పాతకాలపు బిల్డింగ్‌లో దిగాలని, పాత కేఫ్‌లో కాసేపు కూర్చోవాలని మావారికీ నాకూ సరదా. పోయినసారి వింటేజ్ హోటల్ అని బుక్ చేస్తే తీరా అక్కడ గ్రామఫోన్ బొమ్మ వాల్‌పేపరూ మూలన ప్లాస్టిక్ టైప్‌రైటరూ, అంతే! నిజంగా పాతవేవో ముందే కనిపెట్టడం ఎలాగండీ?

జవాబు: ఆ గ్రామఫోన్ చాలామందినే ముంచిందండీ. ముందు సెర్చ్‌లో వింటేజ్ అన్న మాట తీసేయండి. నిజంగా పాత హోటల్ ఏ సంవత్సరం నుంచి ఉందో చెప్పుకుంటుంది, కాబట్టి ఊరి పేరు పక్కన హెరిటేజ్ అని కొట్టి, వచ్చినవాటిలో సంవత్సరం చెప్పినవి చూడండి.

తర్వాత రెండు మూడు స్టార్లిచ్చిన రివ్యూలు చదవండి, నేనైతే అవే ముందు చదువుతా. నడుస్తుంటే చెక్కనేల కిర్రుమంటోంది, లిఫ్ట్ నత్తనడక, కుళాయిలు మా తాతల నాటివి అని ఎవరో తిట్టిపోస్తుంటారు చూడండి, అదే మీ హోటల్! (నల్లులున్నాయని తిడితే మాత్రం వదిలేయండి, అది వేరే పాతదనం.)

ఫొటోలు కూడా హోటల్ వాళ్లవి కాదు, దిగినవాళ్లు పెట్టినవి చూడాలి. లోపల తీగ కనపడే పసుపు బల్బులకి పడిపోకండి, అవి ఇప్పుడు ఎల్ఈడీలోనే వస్తున్నాయి. మనుషుల చేతులూ కాళ్లూ తగిలే చోట్లు చూడండి, మెట్ల పక్క ఇత్తడి రెయిలింగ్ పైన నున్నగా మెరుస్తూ కింద నల్లబడి ఉందా, మెట్టు మధ్యలో రాయి కాస్త గుంట పడిందా, ఇవి డెకరేషన్ వాళ్లు తెచ్చి పెట్టలేరు.

బుక్ చేసేముందు మీ రూం పాత బిల్డింగ్‌లోనా, తర్వాత కట్టిన బ్లాక్‌లోనా అని ఫోన్ చేసి అడగండి. ముందువైపు వందేళ్లది చూపించి వెనక కొత్తదాంట్లో ఇచ్చేవాళ్లున్నారు.

రేటు అందకపోతే మామూలు హోటల్లో పడుకుని, పాతదాంట్లో కాఫీ తాగి రండి. ఇస్తాంబుల్‌లో పేరా ప్యాలెస్ హోటల్ 1892 నాటిది, దాని పాత లిఫ్ట్ ఇంకా ఉంది. వెనిస్‌లో ఫ్లోరియన్ కేఫ్ 1720 నుంచి నడుస్తోంది, అక్కడ బయట బ్యాండ్ వాయిస్తుంటే బిల్లులో పాటకీ డబ్బులు కలుపుతారు, చూసుకుని కూర్చోండి! మాడ్రిడ్‌లో బోతిన్ రెస్టారెంట్ 1725ది, ఇలాంటి పేరున్నవాటికి టేబుల్ ముందే చెప్పుకోవాలి.

కేఫ్‌కయితే భోజనాల హడావుడి తగ్గాక, మధ్యాహ్నం మూడున్నర నాలుగుకి వెళ్లండి. సర్వర్ ఖాళీగా ఉంటాడు, ఇందులో అన్నిటికన్నా పాతదేదండీ అని అడిగితే ఒక్కోసారి తనే దగ్గరుండి చూపిస్తాడు.