తుప్పు గుంట అడుగు చూడు

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. ఆ పాత కల్టివేటర్‌కి రంగు వేసేముందు ఎంతవరకు గీకాలని అడిగావు. అది పైపైన చూసి చెప్పేది కాదురా. తుప్పు తిన్న గుంటల అడుగున ఏం మిగిలిందో చూసి తేల్చుకోవాలి.

ముందు ఇనుములో సత్తా ఉందో లేదో చూడు. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట మొద్దుగా పలుకుతుంది. ట్రాక్టర్‌కి తగిలించే పిన్నుల దగ్గర గుంటలు లోతుగా ఉంటే అక్కడ కావాల్సింది రంగు కాదు, వెల్డింగో కొత్త ముక్కో. మట్టిలో దిగే పళ్లకు రంగు దండగ. దున్నడం మొదలుపెట్టగానే పోతుంది. వాటికి గ్రీజు పూసి ఉంచితే చాలు.

అందరూ నేరుగా గ్రైండర్‌కి తీగల బ్రష్ తగిలించి రుద్దడం మొదలుపెడతారు. నువ్వు ముందు జిడ్డు వదిలించు. లేకపోతే ఆ బ్రష్షే గ్రీజును గుంటల్లోకి రుద్దుతుంది. వేడినీళ్లు, డిటర్జెంట్‌తో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో తుడువు. గుడ్డలు మారుస్తూ ఉండు, మురికి గుడ్డ జిడ్డును పక్కకు పులుముతుంది తప్ప తీయదు. ఎరువులు తగిలిన యంత్రమైతే మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి. గుంటలో ఉప్పు మిగిలితే అది రంగు కింద తేమను లాగి బుడగలు లేపుతుంది.

పెచ్చులు ఉలితో లేపి, తర్వాత గ్రైండర్‌కి వైర్ కప్పు, అదే గిన్నె ఆకారపు తీగల బ్రష్, పెట్టు. ఇక్కడే చాలామంది మోసపోతారు. వైర్ బ్రష్ పైభాగాన్ని తళతళలాడిస్తుంది, గుంటలోని తుప్పును మాత్రం నున్నగా మెరుగుపెట్టి వదిలేస్తుంది. కంప్రెసర్ గాలి కొట్టి, టార్చ్‌లైటు ఏటవాలుగా వేసి చూడు. నల్లటి చుక్కలు కనిపిస్తే పని అవలేదన్నమాటే. ఫ్లాప్ డిస్క్‌తో (గ్రైండర్‌కి తగిలించే గరుకు రేకుల బిళ్లతో) గుంట పోయేదాకా అరగదీస్తానంటావేమో, వద్దు. మంచి ఇనుము కూడా పలచబడుతుంది.

గుంటల అడుగుదాకా వెళ్లేది శాండ్ బ్లాస్టింగే, అంటే గాలి ఒత్తిడితో గరుకు రవ్వను ఇనుము మీదికి కొట్టడం. దొరికితే అదే చేయించు, కానీ మామూలు ఇసుకతో వద్దు. ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, గార్నెట్ అనే ఖనిజపు రవ్వ లాంటిది వాడమను. బేరింగులు, హైడ్రాలిక్ రాడ్లు గట్టిగా చుట్టి కప్పాలి. పలచటి రేకును అలా కొట్టిస్తే వంకర పోతుంది.

బ్లాస్టింగ్ కుదరకపోతే ఫాస్ఫారిక్ యాసిడ్ కలిసిన రస్ట్ రిమూవర్ పూసి, గట్టి బ్రష్‌తో గుంటల్లోకి రుద్దు. ఆరనివ్వకుండా తడిగా ఉంచు. ఎంతసేపో, తర్వాత కడగాలో వద్దో డబ్బా మీద రాసి ఉంటుంది, దాన్ని పాటించు. యాసిడ్ ఆనవాళ్లు మిగిలితే పైన ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) సరిగా అంటదు. కడిగిన వెంటనే వేడిగాలితో ఆరబెట్టు, లేదంటే కళ్లముందే మళ్లీ తుప్పు రంగు తిరుగుతుంది. తుప్పును తీయకుండా నల్లటి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. గట్టిగా అంటుకున్న పలచటి తుప్పు మీదైతే పనిచేస్తుంది, పెచ్చుల మీద పోస్తే పైపొర మాత్రమే నల్లబడుతుంది.

కళ్లజోడు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. వైర్ కప్పు తీగలు సూదుల్లా ఎగిరొస్తాయి. పాత రంగులో సీసం ఉండొచ్చు, అందుకే పొడిగా గీకకుండా తడిపి తియ్యి, దుమ్ముకు తగ్గ మాస్కు పెట్టుకో.

శుభ్రం చేసిన రోజే ప్రైమర్ పడాలి. పొద్దున్నే ఇనుము మీద మంచు చెమ్మ ఉంటే ఆగు. లోహం వేడి మంచుబిందు ఉష్ణోగ్రతకన్నా (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే వేడికన్నా) కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి. మొదటి కోటు స్ప్రేతో కాకుండా బ్రష్‌తో గుంటల్లోకి దూర్చినట్టు వెయ్యి. స్ప్రే గుంట మీద వంతెన కట్టి కింద గాలి వదిలేస్తుంది. అంచులకు, వెల్డింగ్ గీతలకు విడిగా ఇంకో కోటు బ్రష్‌తోనే ఇవ్వు, రంగు పలచబడేది అక్కడే.

పుట్టీ పెట్టాలనుకుంటే ప్రైమర్ మీదే పెట్టు. మామూలు పుట్టీ చెమ్మ పీల్చుకుంటుంది, ఉత్త ఇనుము మీద పెడితే దాని కిందే తుప్పు మొదలవుతుంది. నన్నడిగితే పొలం పనిముట్టుకు పుట్టీ ఎందుకు? గుంటలు కనిపిస్తే ఏం పోయింది!

ప్రైమర్ వేశాక పై రంగు వేయడానికి దాని డబ్బా మీద రాసిన గడువు దాటితే ప్రైమర్‌ను ఎమరీ పేపర్‌తో గరుకు చేసి, దుమ్ము తుడిచాకే వెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న