పిల్లల కంటి శస్త్రచికిత్సలో ఫెలోషిప్: కత్తి కంటే ముందు ప్రిజం బార్

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో ఎం.ఎస్. ఆప్తాల్మాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. పిల్లల కంటి వైద్యం, మెల్లకన్ను శస్త్రచికిత్సలలో ఫెలోషిప్ (ఎం.ఎస్. తర్వాతి ప్రత్యేక శిక్షణ) చేస్తానని పట్టుబడుతోంది. అక్కడ ఆపరేషన్లు తన చేత్తో చేయనిస్తారా? రెటీనా (కంటి లోపలి వెనుక పొర) వైపు వెళితే సంపాదన మెరుగు కదా? – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: చేయనిస్తారు, కానీ చేరిన వెంటనే కాదు. మొదటి కొన్ని నెలలు ఓపీలోనే గడిచిపోతాయి కనుక, "కత్తి పట్టనివ్వడం లేదు" అని నిరాశపడి ఫోన్ చేసేవారు ఏటా ఒకరిద్దరైనా ఉంటారు. వారికి నేను చెప్పేది ఒకటే. మెల్లకన్ను విషయంలో సగం ఆపరేషన్ ఓపీలోనే, మెల్ల ఎంతో కొలిచే ప్రిజం బార్ (వరుసగా పట్టకాలు అమర్చిన పట్టీ) చేతిలో ఉండగానే జరిగిపోతుంది. కన్ను లోపలికి తిరిగిన మెల్ల 30 ప్రిజం డయాప్టర్లని (మెల్ల కొలతకు వాడే ప్రమాణం) తేలితే, వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం రెండు కళ్లలోనూ ముక్కువైపు కండరాన్ని నాలుగున్నర మిల్లీమీటర్ల చొప్పున వెనక్కి జరిపి కుడతారు. అదే 35 అయితే ఐదు మిల్లీమీటర్లు జరపాలి. ఏడుస్తూ తల్లి ఒళ్లోంచి జారిపోతున్న రెండేళ్ల పిల్లవాడి చూపును ఒక బొమ్మ మీద నిలిపి, దొరికిన ఆ రెండు మూడు క్షణాల్లో కొలత తీయాలి. ఆ కొలతలో దొర్లిన తప్పును థియేటర్లో ఎంత నేర్పుగల చెయ్యి అయినా సరిదిద్దలేదు. అందువల్ల మీ అమ్మాయి అక్కడ ముందుగా నేర్చుకునేది ఓపిక, రెటినోస్కోపీ (కంటిలోకి వెలుగు వేసి కళ్లద్దాల పవర్ కనుక్కోవడం), పిల్లలను మాటల్లో పెట్టే విద్య.

థియేటర్లోకి అడుగుపెట్టాక పని వేరుగా ఉంటుంది. కంటి కండరాన్ని హుక్‌తో లాగినప్పుడు కొందరు పిల్లల్లో గుండె వేగం ఒక్కసారిగా పడిపోతుంది. మానిటర్ శబ్దం మందగించగానే చేతిని ఆపి, మత్తు డాక్టరు సరేననే దాకా ఆగడం ఫెలోకు అలవాటు కావాలి. పుట్టుకతో వచ్చే శుక్లం మరో తరహా పరీక్ష. పుట్టినప్పుడు సుమారు 17 మిల్లీమీటర్ల పొడవుండే కన్ను పెద్దయ్యేసరికి 23 నుంచి 24 దాకా పెరుగుతుంది. కాబట్టి చిన్నపిల్లలకు లెన్స్ అమర్చినప్పుడు పవర్‌ను కావాలనే కొంత తగ్గించి పెట్టి, మిగిలిన లోటును కళ్లద్దాలతో పూడుస్తారు. ఆ తర్వాత బలహీనమైన కన్ను పనిచేసేలా, బాగా కనిపించే కంటికి రోజూ ప్యాచ్ వేసి మూయించే బాధ్యత ఇంట్లోవారిది. ప్యాచింగ్ మానేసిన కుటుంబాన్ని చివాట్లు పెట్టకుండా మళ్లీ దారిలోకి తేవడం, నా దృష్టిలో, కుట్టు వేయడం కంటే కష్టమైన పని.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టుకతో వచ్చే గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగి, శిశువు కన్ను పెద్దదయ్యే జబ్బు) సుమారు 3,300 జననాల్లో ఒకరికి ఉన్నట్టు అధ్యయనాల్లో తేలింది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇది ఎక్కువ. మేనరికాలు ఇందుకు ఒక కారణమని వైద్యులు భావిస్తారు. పెద్ద పెద్ద కళ్లతో ముద్దుగా ఉన్నాడని ఇంటిల్లిపాదీ మురిసిపోతున్న శిశువు నల్లగుడ్డులో మసకను గుర్తించి, వారికి విషయం చెప్పవలసింది ఈ వైద్యులే. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల రెటీనా పరీక్ష కూడా వీరి పనిలో భాగమే. 34 వారాల లోపు లేదా 2,000 గ్రాముల లోపు బరువుతో పుట్టినవారిని 30 రోజులు నిండకముందే, మరీ చిన్న శిశువులనైతే ఇంకా త్వరగా, చూడాలి.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, మదురైలోని అరవింద్, చెన్నైలోని శంకర నేత్రాలయ ఈ శిక్షణకు పేరున్నవి. వ్యవధి సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు. అయితే పేరు చూసి కాకుండా, ప్రస్తుతం అక్కడ ఉన్న ఫెలోలతో మాట్లాడి నిర్ణయించుకోమనండి. నిరుడు ఒక్కో ఫెలో స్వయంగా ఎన్ని కండరాలకు ఆపరేషన్ చేశారు, పక్కన నిలబడి చూసినవి ఎన్ని, శిశువుల శుక్లాలు వారి చేతికి ఎప్పుడు వచ్చాయి, బాండు (శిక్షణ తర్వాత అక్కడే కొంతకాలం పనిచేయాలన్న షరతు) ఉందా అన్నవి మొహమాటం లేకుండా అడగాలి. స్టైపెండ్ మాత్రం ప్రైవేటు ఉద్యోగపు జీతంతో పోటీ పడదు.

సంపాదన గురించి మీ అనుమానం నిరాధారమైనది కాదు. ఒక పిల్లవాడిని చూసే సమయంలో ముగ్గురు పెద్దవారిని చూసి పంపవచ్చు. పైగా, పసిపిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టరు లేకుండా ఈ ఆపరేషన్లు సాగవు కనుక, చిన్న పట్టణంలో ఒంటరిగా క్లినిక్ తెరిస్తే నిలదొక్కుకోవడం కష్టమే. నవజాత శిశువుల ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రిలో గాని, నలుగురైదుగురు కంటి వైద్యులు కలిసి పనిచేసేచోట గాని చేరి, పెద్దల శుక్లాల ఆపరేషన్లు కూడా వదలకుండా చేసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

దరఖాస్తు పెట్టకముందే మీ అమ్మాయిని ఒక వారం పిల్లల ఓపీలో పరిశీలకురాలిగా కూర్చోమనండి. నెలలు నిండని శిశువుల రెటీనా ఒక్కటే ఆమెను ఆకట్టుకుంటే రెటీనా ఫెలోషిప్పే సరైనది, ఎందుకంటే ఆ శిశువుల రెటీనా జబ్బు ముదిరాక చేసే శస్త్రచికిత్సలు ఎక్కువగా రెటీనా నిపుణుల చేతికే వెళతాయి. అలా కాక, వారం చివర ఇంటికొచ్చి ఏ పిల్లవాడి మెల్ల ఎలా కొలిచారో మీకు బొమ్మ గీసి చూపిస్తుంటే, ఇక అడ్డు చెప్పకండి.