నమ్మకం పేరుతో కస్టమర్‌ను వెనక్కి పంపొచ్చా? ఫంక్షన్ హాలు ప్రశ్నకు నా జవాబు

మతాంతర వివాహమని తెలియగానే ఫంక్షన్ హాలు ఓనరు "మా నమ్మకాలకు పడదు, వేరేచోట చూసుకోండి" అన్నాడని రాశారు. అమెరికాలో కేకు షాపతను ఇలాంటి కేసే గెలిచాడు కాబట్టి ఇతనికీ ఆ హక్కు ఉంటుందా అని అడిగారు. ఉండదనే నేనంటాను. నేను లాయర్‌ని కాను. తెనాలిలో ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. ఎవరి పని ఒప్పుకోవాలి, ఏ పని కాదనాలి అన్నది మాకు కౌంటర్ దగ్గర తరచూ తగిలే విషయమే.

ఒకసారి ఒక జంట శుభలేఖ మ్యాటర్ పట్టుకుని వచ్చారు. అబ్బాయి హిందువు, అమ్మాయి ముస్లిం. అంతకుముందు వెళ్ళిన ప్రెస్ వాళ్ళు పేర్లు చదివి "మిషన్ రిపేరులో ఉంది" అన్నారట. లోపల మిషన్ తిరుగుతున్న చప్పుడు వీళ్ళకు వినిపిస్తూనే ఉందట. ఆ మాట చెబుతూ అమ్మాయి కాగితాన్ని మడతపెడుతోంది, విప్పుతోంది, నా చేతికి మాత్రం ఇవ్వడం లేదు. వినాయకుడు వద్దు, నెలవంక వద్దు, పూలతీగ చాలన్నారు. మేం రోజూ వేసే కార్డే అది, పేర్లు తప్ప.

ఇంకోసారి ఒకాయన కరపత్రం తెచ్చాడు. ఫలానా మతం వాళ్ళ షాపుల్లో ఏమీ కొనొద్దని అందులో ఉంది. వెయ్యనన్నాను. "డబ్బులిస్తున్నాం కదా, మీకెందుకండీ?" అన్నాడు. "మీ ఇంట్లో పెళ్లికి కార్డు తెండి, రేపే వేసిస్తా. ఇది మాత్రం ఎవరు తెచ్చినా వెయ్యను" అన్నాను. మీ హాలు ఓనరునూ ఈ లెక్కలోనే చూడండి. అదే తేదీకి, అదే అద్దెకు ఇంకో జంట వస్తే తాళాలు ఇచ్చేవాడేగా? మరి అతను కాదన్నది మనుషుల్నే.

రాజ్యాంగం 15(2) అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ షాపుల్లోకి, హోటళ్ళలోకి, వినోద స్థలాల్లోకి రానివ్వకుండా చెయ్యకూడదంటోంది. ఇది ప్రభుత్వానికే కాదు, ప్రైవేటు వాళ్ళకూ వర్తిస్తుంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో షాపు అంటే ఏమిటని చర్చ వచ్చినప్పుడు, అడిగి వచ్చిన ఎవరికైనా సేవ చెయ్యడానికి సిద్ధపడి యజమాని తెరిచిన చోటు అని అంబేడ్కర్ వివరించారు. బోర్డు పెట్టి అద్దెకిచ్చే హాలు అందులోకి రాదని ఎవరైనా అంటే నాకు నమ్మబుద్ధి కాదు. మతసంస్థల సొంత మండపాల సంగతి వేరు.

ఇక కేకు కేసు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2012లో ఒక షాపతను స్వలింగ జంటకు పెళ్లి కేకు చెయ్యనన్నాడు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో అతని పక్షాన తీర్పిచ్చింది. అయితే దానికి కారణం అక్కడి పౌరహక్కుల కమిషన్ అతని మతం పట్ల వ్యతిరేక భావంతో వ్యవహరించడం. షాపులన్నిటికీ కాదనే హక్కు ఉందని కోర్టు చెప్పలేదు. 2023లో 6-3తో, స్వలింగ జంటల పెళ్లికి వెబ్‌సైట్లు చెయ్యనన్న ఒక వెబ్ డిజైనర్‌కు గెలుపిచ్చింది. తనకు నచ్చని సందేశాన్ని సృష్టించమని రాష్ట్రం బలవంతపెట్టకూడదంది. హాలు అద్దెకివ్వడంలో సందేశం ఏముంది? అదే కోర్టు 1968లో దక్షిణ కరోలినాలోని పిగ్గీ పార్క్ బార్బెక్యూ హోటళ్ళ కేసులో, నల్లవాళ్ళను కూర్చోబెట్టి వడ్డించడం తన మతానికి విరుద్ధమన్న యజమాని వాదనను పసలేనిదని కొట్టిపారేసింది. కేకు కేసు తెలిసినవాళ్ళు ఇదీ తెలుసుకోవాలి.

యజమానికి మనస్సాక్షి ఉండకూడదని నేననడం లేదు. మా డీటీపీ కుర్రాడొకడు ఒక మ్యాటర్ తన భక్తికి అడ్డమని టైపు చెయ్యలేనన్నాడు. ఇంకొకరికి ఇచ్చాం. కార్డు అనుకున్న రోజుకే వెళ్ళింది, కస్టమర్‌కు ఆ సంగతే తెలియదు. సర్దుబాటు షాపు లోపల జరగాలి, బరువు గుమ్మంలో నిలబడ్డవాడి మీద పడకూడదు.

మన దగ్గర లోటు 15(2)ను అమలు చేసే చట్టం దగ్గరే ఉంది. అంటరానితనం పాటించి సరుకు అమ్మకపోయినా, సేవ నిరాకరించినా 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద జైలు ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2019 చట్టం ఉంది. మతం కారణంగా కాదంటే నేరుగా పట్టుకునే సమగ్ర చట్టం మాత్రం లేదు. అలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఈలోపు మీరు హాలు ఓనరును వాట్సాప్‌లో మర్యాదగా, "ఆ తేదీకి హాలు ఖాళీయేనా? ఇవ్వకపోవడానికి కారణం చెప్పండి" అని అడిగి, జవాబు భద్రంగా ఉంచుకోండి. దాంతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, కాబట్టి దరఖాస్తు పెళ్లికూతురి పేరు మీద పెట్టండి.