బ్యాటరీ మార్చాక డ్రైవర్ ఎందుకు లోడ్ కావడం లేదు?

ప్రశ్న: చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో, బెల్టు మీద వచ్చే తోతాపురి కాయల్లో మచ్చలున్న వాటిని కెమెరాతో గుర్తించే ఏర్పాటు చేశాను. అక్కడి ఉబుంటు కంప్యూటర్‌లో ఏఐ లెక్కలను వేగంగా చేసే హైలో-8 యాక్సిలరేటర్ కార్డు ఉంది. మదర్‌బోర్డు మీది చిన్న సీమాస్ బ్యాటరీ (సెట్టింగులను నిలిపి ఉంచేది) మార్పించినప్పటి నుంచి అది పనిచేయడం లేదు. తిరుపతి నుంచే, దూరాన ఉన్న కంప్యూటర్‌ను నడిపించే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను మూడుసార్లు తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మధ్యలో ఏదో పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టి, రీబూట్ చేశాను. ఆ డ్రైవర్ మాడ్యూల్‌ను లోడ్ చేయబోతే మాత్రం ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తోంది. కార్డు పాడైందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ సందేశాన్ని బట్టి చూస్తే తప్పు కార్డుది కాదు. కంప్యూటర్‌లో అమర్చిన కార్డులను చూపే ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ ఆదేశం ఇచ్చినప్పుడు జాబితాలో హైలో పేరు కనిపిస్తే నిశ్చింతగా ఉండండి, కొత్త కార్డుకు డబ్బు పెట్టకండి.

సీమాస్ బ్యాటరీ తీసినప్పుడు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటి స్థితికి వెళ్లిపోతుంటాయి. ఇదివరకు ఆపి ఉంచిన సెక్యూర్ బూట్ అనే రక్షణ మీ యంత్రంలో అలాగే మళ్లీ ఆన్ అయి ఉంటుంది. ‘మోక్‌యుటిల్’ అనే ఆదేశాన్ని ‘ఎస్‌బీ-స్టేట్’ ఆప్షన్‌తో నడిపితే ఆ సంగతి తేలిపోతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నంతసేపు, తాను నమ్మే కీతో (డిజిటల్ సంతకానికి వాడే రహస్య సంకేతంతో) సంతకం చేయని మాడ్యూల్‌ను ఉబుంటు కెర్నెల్, అంటే ఆ సిస్టమ్‌లోని మూలభాగం, లోనికి రానివ్వదు. డీకేఎంఎస్ అనే సాధనం మీ యంత్రంలోనే డ్రైవర్‌ను కంపైల్ చేసి, అక్కడే తయారైన కీతో సంతకం చేస్తుంది గానీ, ఆ కీని నమ్మవచ్చునని యంత్రం ముందు కూర్చున్న మనిషే చెప్పాలి. మీరు పెట్టిన పాస్‌వర్డ్ అందుకోసమే. రీబూట్ కాగానే నీలిరంగు తెర ఒకటి వచ్చి, పది సెకన్లపాటు కీబోర్డు మీద ఏదైనా మీట నొక్కుతారేమోనని చూసి, ఎవరూ నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ అప్పటికి ఇంకా మొదలై ఉండదు కనుక, తిరుపతిలో ఉన్న మీకు ఆ తెర మూడుసార్లూ కనిపించే అవకాశమే లేదు.

కాబట్టి ఒకసారి చిత్తూరు వెళ్లక తప్పదు. ‘వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్’ ఫోల్డర్లోని ‘మోక్.డెర్’ అనే కీ ఫైలును ‘మోక్‌యుటిల్ ఇంపోర్ట్’తో మళ్లీ నమోదుకు పెట్టి, కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి, రీబూట్ చేయండి. నీలిరంగు తెరలో ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’ వరుసగా ఎంచుకుని అదే పాస్‌వర్డ్ టైపు చేయండి. సెక్యూర్ బూట్‌ను ఆపేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. దానికైనా బయోస్‌లోకి వెళ్లడానికి అక్కడే ఉండాలి, పైగా పదిమంది తిరిగే షెడ్డులోని యంత్రానికి ఆ రక్షణ తీసేయడం నాకు సమ్మతం కాదు.

కీ ఒక్కసారి నమోదైతే, కెర్నెల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అదే కీతో సంతకం చేస్తుంది, మీరు మళ్లీ ప్రయాణం చేయనక్కరలేదు. అయితే కొత్త కెర్నెల్‌కు తగిన హెడర్లు (డ్రైవర్‌ను కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు) కూడా వచ్చేలా ‘లినక్స్-హెడర్స్-జెనరిక్’ ప్యాకేజీని తప్పక ఉంచుకోండి. చివరగా ‘డెవ్’ ఫోల్డర్లో ‘హైలో0’ కనిపించినా ప్రోగ్రాం నడవకపోతే, డ్రైవర్ వెర్షనూ, ప్రోగ్రాం కార్డును వాడుకునేందుకు ఉన్న హైలోఆర్‌టీ సాఫ్ట్‌వేర్ వెర్షనూ ఒకటేనా అని చూడండి. మూడుసార్లు ఇన్‌స్టాల్ చేశారు కనుక అవి వేరైపోయి ఉండవచ్చు.